నాంపల్లి మట్టిగోడకు సిమెంటు పూత

1963 వేసవి. అబిడ్స్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా సూపర్‌వైజరుగా చేరాను. సిమెంటుతో బాగుపడని ఇల్లు లేదనుకునే వయసు నాది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో దర్జీ నర్సయ్య ఇంటి మరమ్మతు మాకు వచ్చింది. గడ్డి కలిపి తొక్కిన మట్టితో పెట్టిన గోడలు. నేలతడి పైకి పాకకుండా పునాదికీ గోడకీ మధ్య వేసే తారు పొరను మేం డి.పి.సి. అంటాం. ఆ పాత ఇంటికి అది లేదు. వెనక గోడకు మోకాలెత్తు వరకు చెమ్మ. నర్సయ్యకు ఉబ్బసం. ఆ చెమ్మకు భయపడి మంచం గది మధ్యకు లాక్కుని పడుకునేవాడు.

"సున్నమే పూయిద్దాం సారూ," అన్నాడు మా ముసలి మేస్త్రీ బాలయ్య. "మట్టిగోడల తడి బయటికి పోవాలె. సిమెంట్ కొడితే లోపల్నే ఉంటది. ముందుగాల గోడ పక్కపొంటి కాల్వ తీసి నీళ్లు మర్లగొట్టాలె."

"డిప్లొమా నీకుందా, నాకుందా?" అన్నాను, కూలీలందరి ముందూ. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గోడకు రెండువైపులా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. నర్సయ్య భార్య బాలమణి మురిసిపోతూ గోడను అరచేత్తో నిమిరింది.

"ఇగ మంచం గోడకు ఏసుకోవచ్చా సారూ?"

"ఏ ఫికరూ లేకుండా వేసుకోండి."

మరుసటేడు వానల్లో ఆ గోడ నర్సయ్య మీద పడింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. కబురు విని నేను, బాలయ్య పరుగెత్తాం. సిమెంటు పెచ్చులు గట్టిగానే ఉన్నాయి. వాటి మధ్య మట్టి ముద్దయిపోయి, గడ్డి నల్లగా కుళ్లిపోయి ఉంది. లోపలికెక్కిన తడికి బయటికి దారి లేకుండా చేసింది నేనే.

బాలమణి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, కొత్త గోడ అని రోజూ తడిబట్టతోని తుడుస్తుంటి. గందుకే పడ్డదా?"

కాదంటే, మరెందుకని అడుగుతుంది. "వాన ఎక్కువైందమ్మా," అని తలవంచుకుని వచ్చేశాను.

నెల తర్వాత ధైర్యం తెచ్చుకుని వెళ్లాను. ఇల్లు ఖాళీ.

"తమ్ముని తోని పోయింది. ఏ ఊరో తెల్వదు," అంది పక్కింటావిడ. "నా చేతుల్తోనే చంపుకుంటినని ఒక్కటే ఏడుసుడు."

మట్టిగోడకు సున్నమే పూయాలని, అంతకంటే ముందు నీళ్లను మళ్లించాలని నా కింద పనిచేసిన వాళ్లందరికీ చెప్పాను. అది బాలయ్య నేర్పిన పాఠం. ఇంకొకటి ఎవరూ నేర్పలేదు. గోడ ఎందుకు పడిందో పడిన రోజే ఆ ఇంటివాళ్లకు చెప్పెయ్యాలి. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే, బాలమణి నన్ను తిట్టుకుంటూ ఏడ్చేది.