కాపలా ఇంటిదాకా దారి

సముద్రం ఒడ్డున ఉన్న మా స్కార్విక్ ఊళ్లో దారి అడిగితే ఉన్నవాటి గుర్తులు ఎవరూ చెప్పరు, పోయినవాటివే చెబుతారు. కాలిపోయిన ప్రార్థనా మందిరం దగ్గర ఎడమకు తిరగాలి, పూడ్చేసిన బావి దాటాక హెదర్ పొదల బీడులోకి దిగాలి. అది తప్పని కూడా మాకు తోచదు. ఈ విద్యలో థిర్జా హార్కర్‌ను మించినవాళ్లు లేరు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, టీకొట్టు నడుపుతుంది, ఊరు చూడవచ్చినవాళ్లకు టీతో పాటు దారులు కూడా వడ్డిస్తుంది.

"సీళ్లని చూడాలా నాయనా? తిన్నగా కాపలా ఇంటిదాకా పో. దాని వెనక నుంచుంటే కింద ఒడ్డున పడుకున్న ఆ నీటి జంతువులు కనిపిస్తాయి."

ఆ ఇంట్లో థిర్జా వాళ్ల నాన్న తీరం కాపలా ఉద్యోగం చేసేవాడు. ఆవిడ పుట్టింది అందులోనే. మూడేళ్ల కిందటి చలికాలంలో కొండ అంచు విరిగి, ఇల్లు పెరడుతో సహా సముద్రంలో పడిపోయింది. అయినా ఆవిడ ఆ గుర్తు చెప్పడం మానలేదు. ఎందుకో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం. పక్కింటిదాన్ని కదా, ఒకసారి అడిగేశాను కూడా.

"ఇల్లు పోయిందని ఊరందరికీ తెలుసుగా!" అంది థిర్జా.

"ఊళ్లోవాళ్లు మిమ్మల్ని దారెందుకు అడుగుతారండీ?"

ఆవిడ నా పళ్లెంలో ఇంకో స్కోన్ రొట్టె పెట్టింది.

మొన్న ఏప్రిల్‌లో ఊరు చూడవచ్చిన ఒక బడిపంతులు తన కూతుర్ని వెంటబెట్టుకుని థిర్జా చెప్పిన దారినే వెళ్లాడు. గంటన్నరకు కొట్టుకు తిరిగొచ్చాడు, మోకాళ్లదాకా మట్టి, ముఖంలో నెత్తురు చుక్క లేదు. సముద్రం మీంచి మంచు కమ్మిందట. ఇల్లు ఇంకో నాలుగడుగుల్లో కనబడుతుందని నడుస్తూనే ఉన్నాడట.

"ఏదండీ ఆ ఇల్లు?" అని కేకలేశాడు. "పాప కాలికింద నేల జారిపోయింది. కోటు పట్టి లాగాను కాబట్టి బతికింది!"

థిర్జా పాప ముందు కూర్చుని బూట్లు విప్పి, తడిసిన మేజోళ్లు పొయ్యి దగ్గర ఆరేసింది. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మర్నాడు కొట్టు మూసి, నన్ను తోడు తీసుకుని కొండ మీదికి వెళ్లింది. అంచుకు ఇరవై గజాలు ఇవతల ఇద్దరం కలిసి ఒక గుంజ పాతాం. నా పాడు కుతూహలం ఊరుకోదు.

"వంటిల్లు ఎటుండేదండీ?"

"ఆ పక్షి ఎగురుతోందే, అక్కడ." గుంజ చుట్టూ మట్టి తొక్కుతూ అంది, "పోయిందని నా నోటితో అంటే నిజంగానే పోతుందని భయమేసిందే."

శనివారం ఎవరో దంపతులు వచ్చి సీళ్లెక్కడని అడిగారు. థిర్జా చేతులు తుడుచుకుంది.

"గుంజ దగ్గరే ఆగిపోండమ్మా. దాని అవతల మా ఇల్లుండేది. ఇప్పుడు లేదు."