చెప్పులు విప్పే మేస్త్రి

పాండేసర మిల్లుల్లో మరమగ్గాలు బాగుచేసే మా మేస్త్రి ఏ యంత్రాన్ని చూడాలన్నా ముందు చెప్పులు విప్పేవాడు. అదురు చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుందట. నా అరికాలికైతే ముల్లు గుచ్చుకుంటేనే తెలుస్తుంది.

వానాకాలంలో మా ఆవిడను కాన్పుకు బురద దారిన పుట్టింటికి చేర్చాలి. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే పొడుగాటి పాత కారొకటి ఆల్థాన్‌లో చూసి, మేస్త్రిని వెంట తీసుకెళ్లాను. ఆయన నాలుగు టైర్లూ వేలితో తడిమి, చెప్పులు బయట విడిచి నా పక్క సీట్లో కూర్చున్నాడు. అమ్మే సేఠ్ మురిసిపోయాడు, తన కారు గుడిలా కనిపించిందనుకున్నాడేమో.

"స్టీరింగ్ మొత్తం మలిపి, జర నిమ్మలంగ ఒక చుట్టు తిప్పు తమ్మీ."

తిప్పాను. నాకేమీ తెలియలేదు. ఆయన కాలివేళ్లు మాత్రం ముడుచుకున్నాయి.

"బండి పట్టేస్తున్నది. మూడు అరిగిన టైర్లకు ఒక్క కొత్తది కలిపి ఉరికిచ్చిండ్రు. చక్రాలు తలా ఒక తీరు తిరిగి లోపల గేర్లు అరిగినయ్."

"రంగు మంచిగుంది గదనే!" అన్నాను.

"రంగు దిగి బురదల తోస్తదా? చెల్లెను రైల్ల తోల్కపో."

సేఠ్ ధర తగ్గిస్తూ వెంటపడ్డాడు. మేస్త్రి అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఇక బేరం లేదని నాకు తెలుసు. పాపం, సేఠ్‌కే తెలియదు.