బావి నీళ్లు

తడ దగ్గర రొయ్యల చెరువులున్న మునిరత్నం ఎప్పుడూ తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మీసం దువ్వుకుంటూ గట్టు మీద తిరుగుతుంటాడు. రొయ్యలు పట్టిన ప్రతిసారీ చెరువుల్లోని ఉప్పునీళ్లను పక్కనున్న కాలువలోకి వదిలేస్తాడు. అది నేరమని అధికారులు జరిమానా వేస్తారు. ఆయన నవ్వుతూ పోయి కట్టేసి, ఆ రసీదును మేత బిల్లుల్లో కలిపేస్తాడు. ఎవరైనా అడిగితే, "నీళ్లు పోయేదానికి వేరే దోవ తవ్వించేకంటే ఇదే సవకప్పా. మేత ఖర్చు ఎట్లో ఇదీ అట్లే," అంటాడు.

మొన్న మిట్టమధ్యాహ్నం ఆ కాలువ పక్కనే బండి ఆగిపోతే, యశోదమ్మ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. వంగతోట మీద బతికే మనిషి ఆమె. అడగకుండానే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి ఆగిపోయాడు. నోరంతా ఉప్పు.

"ఇవి యాడి నీళ్లక్కా?"

"మా బాయివే నాయనా. పోయినేటి నుంచి ఇట్లే ఉండాయి. వంగచెట్లన్నీ ఎండిపోయినాయి. మాకు అలవాటైపోయినాదిలే గానీ, నువ్వు తాగలేవు. ఉండు, మనవరాలి కోసరం కొన్న క్యాన్ నీళ్లు ఉండాయి, తెస్తాను."

ఆమె గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఆయన చూపు మాత్రం కాలువ వైపు, అక్కణ్నుంచి ఆమె బావి వైపు మళ్లింది. ఇన్నేళ్లుగా ఆయన కట్టిన జరిమానా డబ్బులో ఒక్క రూపాయి కూడా ఈ గడప తొక్కలేదు. ఆ సంగతి ఇంతవరకూ ఆయనకు తోచనే లేదు.

"వద్దక్కా, ఇవే చాలు," అన్నాడు. తలెత్తకుండా చివరి చుక్క దాకా తాగాడు. ఆ తర్వాత ఖాళీ చెంబును రెండు చేతులతో పట్టుకుని, ఆమె వచ్చి అందుకునే దాకా అలాగే నిలబడ్డాడు.