ఊద్ మెడ మీద బొట్టు

"కుదిరిందా?" అని అడిగారాయన, ఊద్ పక్కన పెడుతూ.

"అన్నం చల్లారిపోతోంది, రండి" అన్నాను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలవే. చెయ్యి కడుక్కోవడానికి లేచి అక్కడే కూలిపోయారు.

నేను దెయ్యాలనూ ఆత్మలనూ నమ్మే మనిషిని కాను. చదువు లేదు, సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు రమణి రాస్తోంది. ఉన్నదున్నట్టే రాయమన్నాను.

మా ఆయన బస్సు నడిపి రిటైరయ్యారు. టోవా పాయోలో హసన్ గారని మలాయ్ పంతులు దగ్గర ఊద్ నేర్చుకునేవారు. గుండ్రటి పొట్ట, పొట్టి మెడ ఉన్న తీగల వాద్యం. అది పంతులుగారిదే. వీణకున్నట్టు దానికి మెట్లుండవు. మనకు రాగాలున్నట్టే అరబ్బులకు మకాములట. బయాతీ అనే మకాములో ఒక స్వరం రెండు స్వరాల నడుమ ఎక్కడో ఉంటుందట. ఏడాది పాటు దానికోసమే వెతికారు.

వేలు ఎక్కడ పెట్టాలో గుర్తుకని నా స్టిక్కర్ బొట్టు దాని మెడకు అంటించేవారు. "నాకన్నా దానికే ఎక్కువ బొట్లు" అని దెప్పేదాన్ని. చెవితో వెతకమంటూ పంతులుగారు పీకేసేవారు. ఈయన మళ్ళీ అంటించి, కుదిరిందా అని నన్నడిగేవారు. నేనొక్కసారీ చెవి పెట్టి వినలేదు. ఇప్పుడు నన్ను తినేస్తున్నది అదే.

పదకొండో రోజున ఊద్‌ను నేనే తుడిచాను. పాత బొట్టు గీకేసి, తీగలు వదులు చేసి, సంచిలో పెట్టి జిప్పు వేశాను. అప్పటికే ఇంట్లో నా బొట్టు ప్యాకెట్లన్నీ పారేశారు. రమణి పెట్టుకునేది కుంకుమే.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, వాద్యం తీసుకెళ్దామని పంతులుగారు మా యీషున్ ఫ్లాట్‌కు వచ్చారు. జిప్పు తీస్తే మెడ మీద మెరూన్ బొట్టు. మా ఆయన ఎప్పుడూ అంటించే చోటు కాదు. వడ్లగింజంత ఇవతలికి ఉంది.

పంతులుగారు పీకబోయి ఆగారు. తీగలు శ్రుతి చేసి, బొట్టు ఉన్నచోటే వేలు పెట్టి మీటారు. మళ్ళీ మీటారు.

"బెతుల్ లా, కాక్" అన్నారు. సరిగ్గా ఇదే అక్కా, అని. ఎవరు పెట్టారని అడిగారు.

నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. ఊద్‌ను పంతులుగారు ఇక్కడే వదిలి వెళ్ళారు.

రమణీ, రాసింది ఒకసారి చదివి వినిపించమ్మా. మీ మామయ్య అడిగిన దగ్గర్నుంచి చదువు. ఈసారి జవాబు చెబుతాను.