కాగితం రాకముందు పట్టిన స్టీరింగు

నిన్న మా మనవరాలు కారు వెనక అద్దానికి, డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు పెట్టే ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించింది. ఆ ఎరుపు కంటపడగానే నా అరచేతులు తడిసిపోయాయి. ఎనభై దాటినదానికి ఒక్క అక్షరం చూసి ఇంత భయమేమిటని అది నవ్వింది. నవ్వదూ మరి, దానికి మా డాక్టరమ్మ తెలియదు.

పంతొమ్మిది వందల అరవైలలో గూడూరులో ఆవిడ ఆసుపత్రిలో నేను నర్సుని. కాన్పు కేసులకని కోట, వాకాడు వైపు పల్లెలన్నీ ఆవిడ కారులోనే తిరిగేవాళ్ళం. డ్రైవరు మస్తానయ్యకు ఒక కంట్లో పొర కమ్ముకొస్తోంది. డాక్టరమ్మకు నడపడం రాదు. అందుకని నన్ను నేర్చుకోమని, నెల్లూరు పంపి లెర్నర్ లైసెన్సు కూడా తెప్పించింది. ఇన్సూరెన్సు ఏజెంటును ఇంటికి పిలిపిస్తే ఆయన తల గోక్కున్నాడు. “పాలసీలో మస్తానయ్య పేరొక్కటే ఉండాది. నేర్చుకునే మనిషిని చేరిస్తే ప్రీమియం పెరుగుతుందమ్మా. పైగా ఆడమనిషి, కొత్త చెయ్యి” అన్నాడు. “పెరగనీయండి. ఆయన కన్ను పూర్తిగా మూతపడినాక చేరిస్తే నాకేం లాభం?” అని అప్పటికప్పుడే డబ్బు కట్టేసింది. నా పేరు చేర్చిన కాగితం మద్రాసు నుంచి వస్తుందని, అది వచ్చేదాకా నన్ను నడపొద్దని చెప్పి ఏజెంటు వెళ్ళిపోయాడు.

ఆ మాట నేనూ విన్నాను. కానీ మా నాన్న నిమ్మకాయల దళారి. మా మార్కెట్లో బయానా సొమ్ము రైతు చేతిలో పడిందంటే, బస్తా కదలకపోయినా సరుకు మనదే. ఇన్సూరెన్సూ అంతేననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! మర్నాడు పొద్దున్నే మస్తానయ్యను పక్కన కూర్చోబెట్టుకుని కోట రోడ్డు పట్టాను. ఎదురుగా చేపల గంపతో ఒక పెద్దాయన సైకిలు మీద వస్తున్నాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కాను. సైకిలు బంపరు కిందికి, ఆయన గుంటలోకి. చేపలన్నీ రోడ్డు మీదే. ఆయన లేవలేదు. చచ్చిపోయాడనుకున్నాను. మస్తానయ్య దిగి “బతికే ఉండాడు పాపా” అని అరిచాడు.

పెద్దాయన కాలు విరిగింది. డాక్టరమ్మే కట్టు కట్టింది. మధ్యాహ్నం వచ్చిన ఏజెంటు విషయం విని గొంతు తగ్గించాడు. “కాగితం రాలేదు. ఈ పిల్ల నడిపిందంటే కంపెనీ పైసా ఇవ్వదు. మస్తానయ్య నడిపినాడని రాసేస్తే సరి.” మస్తానయ్య వెంటనే “అట్నే రాయండి సార్, నేనే నడిపినా” అన్నాడు. పాపం, ఆయన కంటిని ఎవరైనా పరీక్షిస్తే ఉన్న లైసెన్సూ పోతుంది. అది తెలిసీ నేను నోరు విప్పలేదు. పోలీసులు, జైలు, ఊళ్ళో నాన్న మొహం, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. డాక్టరమ్మ నావైపు తిరిగింది. “స్టీరింగు మీద ఎవరి చేతులున్నాయి?” అంది. కోప్పడి ఉంటే బాగుండేది. “నావే” అన్నాను. “అదే రాయండి” అంది ఏజెంటుతో.

కంపెనీ ఏమీ ఇవ్వలేదు. పెద్దాయన మళ్ళీ నడిచేదాకా ఆయన ఇంటి ఖర్చంతా డాక్టరమ్మే పెట్టుకుంది. నేను కారు నీడ కూడా తొక్కేదాన్ని కాదు. ఒకరోజు మద్రాసు నుంచి కవరు వచ్చింది. డాక్టరమ్మ కాగితం చివరిదాకా చదివి, నా చేతిలో పెట్టి, కారు వెనక సీట్లో వెళ్ళి కూర్చుంది. మస్తానయ్య ముందు పక్క సీట్లో ఎక్కాడు. “నాకు భయంగా ఉందమ్మా” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. “నాకూ భయంగానే ఉంది. బండి పోనీ” అంది. ఆరోజు అద్దంలో చూశాను. ఆవిడ రెండు చేతులతో ముందు సీటును గట్టిగా పట్టుకుని ఉంది. దిగుతానని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆవిడ కారు నేనే నడిపాను. ఎక్కిన ప్రతిసారీ చేతులు చెమర్చేవి, ఇప్పటికీ అంతే.

నిన్న మనవరాలు తలుపు తీసి “ఎక్కు అమ్మమ్మా” అంది. ఇన్సూరెన్సు కాగితం తెమ్మన్నాను. గొణుక్కుంటూ తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని దాని పేరు కనబడేదాకా చదివాను. వాళ్ళమ్మ ముందు కూర్చుంది, నేను వెనక ఎక్కాను. మనవరాలు అద్దంలోంచి నన్ను చూసి “నిజంగా భయమేస్తోందా?” అంది. నా చేతులు అప్పటికే ముందు సీటును పట్టుకుని ఉన్నాయి.

“వేస్తోంది. పోనీ” అన్నాను.