ఆవకాయలో ఎవరి చేయి

పచ్చళ్ల దుకాణం పెట్టిన కొత్తలో ఎవరైనా "మీ చేత్తోనే కలపాలి మేడం" అంటే నాకు ఒళ్లు పొంగేది. ఎమ్మే చదివి కారం కలుపుకుంటోందని ఎకసెక్కాలాడిన చుట్టాలకు ఆ మాటే నా జవాబు. ఇప్పుడది వింటే భుజం సలుపుతుంది.

టేకులపల్లి మెయిన్ రోడ్డు మీద నాది ఒక్క షట్టరు దుకాణం. ఏడాదంతా నిమ్మ, టమాటా, చింతకాయతో నెట్టుకొచ్చినా మా బతుకు ఆవకాయ మీదే. కల్లూరు, వేంసూరు తోటల నుంచి కాయ దిగే ఆ కొద్ది వారాల్లోనే అందరికీ కావాలి. కొందరు వాళ్ల కాయ వాళ్లే తెచ్చి, జాడీ నా ముందు పెట్టి, "మా నాయనమ్మ పెట్టినట్టు పెట్టు" అంటారు. వాళ్ల నాయనమ్మ ఎలా పెట్టిందో నాకేం తెలుసు? ఒకరికి వెల్లుల్లి దండిగా ఉండాలి, ఒకరికి దాని వాసనే పడదు, ఇంకొకరికి మెంతులంటే గిట్టదు. గాలిదుమారం వస్తుందన్న మాట వినపడితే చాలు, రాలకముందే కోసి బస్తాలతో దిగుతారు. కాయ నాకోసం ఆగదు, మెత్తబడుతుంది.

కాదనడానికి నాకు నోరు లేక కాదు. ఈసారి కాదంటే వచ్చే ఏడు కొత్తగూడెంలో కొనుక్కుంటారన్న భయం. ఆ భయంతోనే ఈ వేసవి అన్నిటికీ తలూపాను. సీజను మధ్యలో కుడి భుజం బిగుసుకుపోయింది. జుట్టు ముడేసుకోవడానికి కూడా చేయి లేవలేదు. దవాఖానాలో డాక్టరు చూసి బరువు పనులు మానేయమన్నాడు.

"ఎప్పటిదాకా సార్?"

"తగ్గేదాకా."

"మామిడికాయ అప్పటిదాకా ఆగుతదా?" అంటే నవ్వాడు. నేను నవ్వలేదు.

నా దగ్గర పనికి ఉన్నది ఒక్క మనిషి. అడవి లోపలి గూడెం నుంచి షేర్ ఆటోలో వస్తుంది. వయసులో నాకంటే చిన్నది, మాటల్లో నాకేమీ తీసిపోదు. కాయ కొట్టడం, ముక్క తుడవడం, ఆవాలు ఎండబెట్టి మిల్లు పట్టించడం ఆమె పని. కలపడం మాత్రం నాది. దవాఖానా నుంచి వచ్చిన రోజు బేసిను ఆమె ముందుకు జరిపాను.

"నువ్వే కలుపు. నా చెయ్యి లేస్తలేదు."

"కలుపుత అక్కా. ఉప్పు మాత్రం నువ్వే చూడాలె. మా ఊళ్లె ఇంకా పండుగ కాలే."

వాళ్ల గూడెంలో మామిడి కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఎవరూ ఆ ఏటి కాయ నోట పెట్టరు. పూజ చేసే పెద్దాయన మంచాన పడటంతో ఈసారి పండుగ వెనక్కి జరిగింది. మా దుకాణానికొచ్చే కాయను కొడుతుంది, కలుపుతుంది, పులుపెంతో చూడమంటే మాత్రం తల అడ్డంగా ఊపుతుంది. చేయి ఆమెది, నాలుక నాది. పచ్చడి ఎప్పటిలాగే కుదిరింది.

ఇక గట్టెక్కుతామనుకుంటుండగా, కొత్తింటి భోజనాలకు పెద్ద ఆర్డరు ఇచ్చిన టీచరమ్మ వచ్చింది. చాలా ఏళ్లుగా నా దగ్గరే కొంటుంది, నన్ను వదినా అని పిలుస్తుంది. మోచేతుల దాకా కారంతో ఉన్న మా మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంది వదినా, ఆమె కలుపుతుందా?"

"నా భుజం పట్టేసింది. ఆమె భుజం బాగుంది."

"గట్ల కాదు..." అంటూ గొంతు తగ్గించింది, ఆమెకు వినపడేంతే తగ్గించింది. "మా అత్తమ్మకు పట్టింపు ఎక్కువ. నీ చెయ్యి కలుపుతదనే గదా మేం కాయ ఇచ్చింది. వీళ్లు రుచి సూస్తరు, ఎంగిలి జేస్తరు..."

"ఎంగిలి నాది వదినా! పండుగ కానిదే ఆమె ముక్క నోట్ల పెట్టదు. రుచి చూసేది నేనే. ఎంగిలే మీ పట్టింపైతే నన్ను మాన్పించాలె, ఆమెను కాదు."

"అంత కోపమెందుకు?"

"ఆ పట్టింపు మీ అత్తమ్మదా, నీదా? అది చెప్పి పో."

కొట్టిన ముక్కలతో సహా తన కాయంతా ఆటోలో ఎక్కించుకుని, "చెయ్యి తగ్గినంక ఫోన్ జెయ్యి వదినా" అని వెళ్లిపోయింది. ఇన్నేళ్ల ఆ మెచ్చుకోలులో నా కారం పాలెంత, నా కులం పాలెంత? ఎంత ఆలోచించినా తేలలేదు.

"రేపటి నుంచి షట్టరు ముంగటనే కూసోని కలుపు. చూసేటోళ్లను చూడనీ," అన్నాను మా మనిషితో.

"నువ్వు కొట్లాడి ఇంటికి పోతవ్. కాయ రాకపోతే పని పోయేది నాది. నేను లోపల కలుపుత, నువ్వు ముంగట బేసిను పెట్టుకొని ఫోటో దిగినట్టు కూసో."

"నీకు రోషం లేదా?"

"ఎందుకు లేదు? రోషంతోని సీజను ఎల్లుతదా?"

"నేను అబద్ధమాడను."

"మరైతే ఇద్దరం ఈగలు కొట్టుకుందాం పా."

మా వాదన తెగకముందే ఇంకో ఆటో ఆగింది. ఒకాయన బస్తా భుజానికెత్తుకుని దిగి, నా చేత్తోనే కలపాలన్నాడు. మా మనిషి నావైపు ఓరగా చూసింది.

"నా చెయ్యి పనిచేస్తలేదు. ఈమె కలుపుతది. ఇష్టమైతే దింపండి," అన్నాను.

ఆయన బస్తా దింపకుండానే ఇంటికి ఫోన్ చేశాడు. పక్కకు వెళ్లి మాట్లాడి, తిరిగొచ్చి నన్నే అడిగాడు.

"మా ఇంటామె అడుగుతుంది మేడం, ఈమెది ఏ ఊరని."

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "ఊరెందుకన్నా? పిల్లనిస్తవా మా ఊరికి?"

ఆయన మొహం ముడుచుకుంది. మళ్లీ ఫోన్‌లో ఏదో విని, బస్తా దింపాడు. "ముక్కలు కొట్టియ్యుండ్రి, చాలు. కలుపుడు మేం ఇంట్లనే చూసుకుంటం."

బయటికి పొమ్మనాలన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఆమె బస్తా మూతి విప్పి, కత్తి ముందేసుకుని కూర్చుంది. మాట మింగేసి, ఎడమ చేత్తో గుడ్డ తీసుకుని ఆమె పక్కన చతికిలబడ్డాను. ఆమె కొట్టిన ముక్క కొట్టినట్టు నా వైపు తోసింది, నేను తుడిచాను.