పంది వాల్వ్ పేషెంట్ ఎవరండీ?

ఆ శివరాత్రికి పట్టిసీమ వెళ్ళాం. పడవ దిగి ఇసుకలో నడిచినంతసేపూ బాగానే ఉన్నాను. గుడి మెట్లు సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ముందు వెళ్తున్న మా అత్తయ్యగారు వెనక్కి తిరిగి, "ఏంటే శారదా, నాకంటే ముందే కూలబడ్డావ్?" అన్నారు. నవ్వబోతే దగ్గు వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద ఎర్రటి చార కనిపించింది. గబగబా మడతలో దాచేశాను. పెళ్ళై మూడేళ్ళవుతున్నా పిల్లల్లేరు, ఇప్పుడు రోగం కూడానా అంటారని సిగ్గు.

మాది కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. మా ఆయన ఊళ్ళో వ్రతాలు, తద్దినాలు చేయిస్తారు. తద్దినాల వంట అత్తయ్యగారూ నేనూ మడి కట్టుకుని చేస్తాం. ఆ వంటకి పిలిచేవాళ్ళు ముందు చూసేది రుచి కాదు, శుభ్రం, ఆచారం. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

దగ్గు తగ్గకపోతే రాజమండ్రి తీసుకెళ్ళారు. డాక్టరుగారు గుండెకి ఎకో స్కాన్ చేస్తూ, "చిన్నప్పుడు జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చేవామ్మా?" అని అడిగారు.

"వచ్చేవండి. మోకాళ్ళు వాచిపోయేవి."

"రుమాటిక్ ఫీవర్. అప్పుడే గుండెని పట్టుకుంది. మైట్రల్ వాల్వ్ ముడుచుకుపోయి, లీక్ కూడా అవుతోంది. బెలూన్‌ పెట్టి వెడల్పు చేస్తే అయ్యే పని కాదు. మార్చాలి."

ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళాం. అక్కడ సర్జన్ గారు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. "మెటల్ వాల్వ్ చాలాకాలం వస్తుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా జన్మంతా మందు వేసుకోవాలి. కడుపులో బిడ్డకి ఆ మందు మంచిది కాదు. పిల్లలు కావాలనుకుంటే టిష్యూ వాల్వ్ నయం. అయితే అది పాడవుతుంది. మీ వయసువాళ్ళలో ఇంకా తొందరగా. అప్పుడు మళ్ళీ ఆపరేషన్ తప్పదు."

"టిష్యూ అంటే ఏంటండి?" అని మా ఆయన అడిగారు.

"జంతువుదండి. ఆవు గుండె మీది పొరతో చేసినవి ఉంటాయి. పంది గుండెలోంచి తీసినవీ ఉంటాయి."

అత్తయ్యగారు చెవులు మూసుకున్నారు. "శివశివా, గోవుదా!"

"ఆవుది మాత్రం వద్దండి," అన్నారు మా ఆయన నేల చూస్తూ.

"అయితే పందిదే పెడదాం," అన్నారు సర్జన్ గారు, చీర రంగు తేల్చినట్టు మామూలుగా. తర్వాత నా వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అన్నారు. నాకు బిడ్డ కావాలి. తల ఊపాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎదురు రొమ్ము ఎముక అతుక్కునే దాకా దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్టుండేది. దిండు గుండెలకి అదుముకుని దగ్గమనేవారు. అత్తయ్యగారు నాకు స్నానం చేయించారు, తల దువ్వారు, అన్నం కలిపి పెట్టారు. వాల్వ్ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని నేను అసహ్యం అనుకున్నాను.

ఇంటికొచ్చాక మడి కట్టుకోవడానికి చేతులాడలేదు. పైన ఎంత తడిబట్ట చుట్టుకుంటే ఏం, లోపల ఉన్నది అదీ! దేవుడి గదిలోకి వెళ్ళకుండా గడప ఇవతలే దణ్ణం పెట్టుకునేదాన్ని. మా ఆయన చూసి, "నువ్వు పెట్టిందేగా నేను తింటున్నాను. నాకు లేని మైల నీకెక్కడిది?" అన్నారు. ఆయనంత తేలిగ్గా నేను అనుకోలేకపోయాను. విషయం ఎలాగో చుట్టాల దాకా వెళ్ళింది. ఒక ఒడుగులో నేను పప్పు గరిటె అందుకోగానే వరసకి పిన్నిగారు ఒకావిడ వచ్చి, "నువ్వు కూర్చో తల్లీ, అలిసిపోతావు," అని మెల్లిగా లాక్కున్నారు. ఆవిడ కళ్ళు నా మొహం మీద లేవు, గరిటె మీద ఉన్నాయి.

రెండేళ్ళకి మాకు ఆడపిల్ల పుట్టింది. ఏ ఇబ్బందీ లేకుండా పుట్టింది. ఆ సంతోషంలో కొన్నాళ్ళు సిగ్గు మరిచిపోయాను.

ఏడాదికోసారి ఎకోకి రమ్మన్నారు, వెళ్తున్నాను. ఒకసారి రాజమండ్రిలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. హాలు నిండా జనం. ఎకో గది తలుపు తీసి ఒకమ్మాయి గట్టిగా పిలిచింది. "పంది వాల్వ్ పేషెంట్ ఎవరండీ?"

తలలన్నీ లేచాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మూల బెంచీ మీద మా ఆయన తద్దినాలు చేయించే ఇంటావిడ ఉన్నారు. నేను పాపని చంకనేసుకుని, మంచినీళ్ళకి వెళ్తున్నట్టు బయటికి నడిచి, బస్సెక్కేశాను. ధవళేశ్వరం దాటేదాకా నా చెవులు కాలుతూనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం, "అంతా బాగానే ఉందన్నారు," అని చెప్పాను.

ఆ తర్వాత ఎకోకి వెళ్ళలేదు. ఏడాది తర్వాత ఏడాది ఏదో సాకు చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకున్నాను.

మావయ్యగారి తద్దినం నాడు నూతి దగ్గర్నుంచి బిందె మోస్తుంటే పాత ఆయాసం వచ్చింది. సాయంత్రానికి పాదాలు వాచాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వచ్చింది. మర్నాడు డాక్టరుగారు ఎకో చూసి తెర నా వైపు తిప్పారు. "వాల్వ్ గట్టిపడిపోయిందమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? ముందే చూసుంటే ఇంత దాకా వచ్చేది కాదు."

"అంతా బాగుందన్నారన్నావు కదే?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మొహం చూడలేకపోయాను. పంది సంగతికి పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది?

మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాం. ఈసారి మెటల్ వాల్వ్ పెడతామన్నారు. ఆపరేషన్‌కి ముందు పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఒకావిడ నా మంచం దగ్గరికి వచ్చారు. తీసేయబోయే పాత వాల్వ్‌నీ, కొంచెం రక్తాన్నీ పరీక్షకి ఇస్తారా అని అడిగారు.

"పంది కణాల మీద ఒకరకం చక్కెర ఉంటుందండి. మన ఒంట్లో అది ఉండదు. దాన్ని చూస్తే మన యాంటీబాడీస్ ఊరుకోవు. పంది కిడ్నీ ఉన్నదున్నట్టు పెడితే గంటల్లోనే పాడుచేసేస్తాయి. వాల్వ్‌ని మందులో నానబెట్టి, కణాల్ని చంపి పెడతారు కాబట్టి ఇన్నేళ్ళు ఆగింది. అయినా కొద్దికొద్దిగా దాడి జరిగి, సున్నం పట్టి ఉంటుందని మా అనుమానం. ఇప్పుడు జన్యువులు మార్చి, ఆ చక్కెర లేని పందుల్ని పుట్టిస్తున్నారు. వాటి కిడ్నీలు, గుండెలు మనుషులకి పెట్టి చూస్తున్నారు కూడా. మీలాంటి వాళ్ళు ఇచ్చేది మాకు చాలా అవసరమండి."

"నా పేరు రాస్తారా?"

"రాయమండి. నంబరే ఉంటుంది."

అయినా వద్దన్నాను. నా రక్తంలో పంది ఆనవాళ్ళు వెతుకుతారన్న ఆలోచనే భరించలేకపోయాను.

ఆవిడ వెళ్ళాక అత్తయ్యగారు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "ఇవ్వవే. మొదట్లో నాకూ ఒళ్ళు జలదరించింది. అబద్ధం ఎందుకు? నీకు నీళ్ళు పోసినా, నిన్ను తాకినా వెళ్ళి మళ్ళీ తలస్నానం చేసేదాన్ని. మనవరాలు పుట్టాక మానేశాను. దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా ఆ జీవే గుర్తొచ్చేది. చచ్చి కూడా ఇన్నేళ్ళు నీకు చాకిరీ చేసింది. ఇంకెవరికైనా పనికొస్తుందంటే కాదనడానికి మనమెవరం?"

నాకు ఏడుపు ఆగలేదు. కుట్లు పడబోయే గుండె, ఏడవకూడదని నర్సమ్మ కేకలేసింది. డాక్టరమ్మని పిలిపించి సరేనన్నాను.

రెండో ఆపరేషన్ కష్టమైంది. రక్తం ఎక్కువ పోయింది, ఐసీయూలో చాలా రోజులున్నాను. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కనిపిస్తే అడిగాను, ఆ వాల్వ్‌ని నా ఒళ్ళే పాడు చేసిందా అని. "మీ ఒళ్ళు దాని పని అది చేసిందండి. పరాయిదాన్ని గుర్తుపట్టింది. తప్పేం లేదు," అన్నారు.

ఆ ఏడు మహాలయ అమావాస్యకి మా ఆయన తర్పణాలు విడుస్తుంటే అత్తయ్యగారు వెళ్ళి పక్కన నిలబడ్డారు. "ఆ వాల్వ్ ఇచ్చిన జీవానిక్కూడా వదులురా."

"ఏ గోత్రం చెప్పనమ్మా?"

"నా అన్నవాళ్ళు లేనివాళ్ళకి చివర్లో వదులుతావుగా. అందులోనే తలుచుకో."

ఆయన నువ్వులూ నీళ్ళూ వదిలారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను.

ఇప్పుడు రోజూ రక్తం పలచబడే మందు వేసుకుంటాను, అది సరిపోయిందో లేదో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చెప్పినప్పుడల్లా చేయించుకుంటాను. తద్దినాల వంటకి మళ్ళీ వెళ్తున్నాను. పిలవడం మానేసిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. పిలిచిన చోట కూడా ఎవరైనా నా చేతుల వంక చూస్తే మొహం వేడెక్కుతుంది.

టిష్యూ వాల్వ్ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో ఎంత బాగున్నా డాక్టరు రమ్మన్న గడువుకి ఎకో చేయించుకోండి. సిగ్గు పోయాక వెళ్దాంలే అని ఆగకండి. నాది ఇంకా పోలేదు. తల వంచుకునైనా సరే, వెళ్ళండి.